మా బావకి నేను చెప్పిన మాట

ఆకాశానికి పైకప్పు ఉందని నాకు మొదట చెప్పినవాడు మా బావే. మా అప్ప మొగుడు. అక్కని మా వైపు అప్ప అంటాం. పెళ్ళయిన కొత్తలో ఆయన రాజాం దగ్గర మా ఊరికి వచ్చినప్పుడల్లా సంచిలో బట్టలతో పాటు ఒక రేడియో సెట్టు కూడా వచ్చేది. విశాఖలో ఓడలకి కబుర్లు అందించే రేడియో గదిలో ఆయన ఉద్యోగం. అత్తారింటి మర్యాదలన్నీ ముగిశాక మేడెక్కి, ఈ చివర నుంచి ఆ చివరకి తీగ కట్టి, గుండీ మెల్లగా తిప్పుతూ ఎక్కడెక్కడి గొంతుల్నో పట్టేవాడు. పట్టగానే ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టేవాడు.

"ఇదెక్కడి నుంచొస్తంది బావా?"

"సముద్రం అవతల నుంచి. నేల మీద పాక్కుంటా రాదురా, ఆకాశానికి తగిలి కిందకి దిగుతాది."

"ఆకాశంలో తగలడానికి ఏటుంది?"

"అది తెలిస్తే నానిక్కడెందుకుంటాను? నువ్వు సదివి నాకు సెప్పు."

చదివాను. ఆ మాట పట్టుకునే చదివానంటే అతిశయోక్తి కాదు. ఆ తగిలేదాన్ని అయనోస్ఫియర్ అంటారు. చాలా ఎత్తున, గాలి పలచబడిపోయిన చోట, ఎండకి ఆ గాలి చిట్లి విద్యుత్తు నిండిన పొరలు ఏర్పడతాయి. షార్ట్‌వేవ్ తరంగం పైకి వెళ్ళి ఆ పొరలో వంగి కిందకి దిగుతుంది. అందుకే ఈ మూల మాట్లాడింది ఆ మూల వినపడుతుంది. కాకపోతే ఆ పొర ఒక్క తీరున ఉండదు. పొద్దున్న ఉన్నట్టు మధ్యాహ్నం ఉండదు, నిన్నటిలా ఇవాళ ఉండదు. దాన్ని రోజూ కొలిచే ఉద్యోగంలోనే నేను చేరాను. మా యంత్రం నిలువుగా ఆకాశంలోకి తరంగాలు వదులుతుంది. చిన్న పౌనఃపున్యంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతుంది. ఏది ఎంతసేపటికి తిరిగొచ్చిందో తెర మీద గీతగా గీస్తుంది. ఒకచోట ఆ గీత నిటారుగా లేచి ఆగిపోతుంది. అంతకు మించి పంపితే తరంగం పొరని చీల్చుకుని పైకి పోతుంది, ఇక మన చేతికి రాదు. ఆ హద్దు చూసుకుని, దానికి దిగువన ఎక్కడ మాట్లాడితే మాట నిలుస్తుందో చెప్పడమే నా పని.

ధ్రువాల దగ్గర ఈ గీతలు చింపిరి జుత్తులా వస్తాయి. యంత్రం తనంతట తాను చదివితే తప్పు చదువుతుంది. మనిషి కూర్చుని చూడాల్సిందే. అంటార్కిటికాలో మన దేశపు స్థావరానికి అలా చూసే మనిషి కావాలని కబురొచ్చినప్పుడు నేను రెండో ఆలోచన లేకుండా పేరిచ్చాను. వేసవి పనికి కాదు, శీతాకాలం మొత్తం ఉండిపోవడానికి. ఎండ వల్ల పుట్టే పొర, నెలల తరబడి సూర్యుడు ముఖం చూపించని చోట ఎలా బతుకుతుంది? పూర్తిగా చచ్చిపోదని అందరికీ తెలుసు. ఎప్పుడు సన్నబడుతుందో, ఎప్పుడు ఉన్నట్టుండి పుంజుకుంటుందో నా కళ్ళతో చూడాలని నా కోరిక. ఇల్లూ వాకిలీ, పెళ్ళీ పెటాకులూ అన్నీ దాని తరవాతే అనుకున్నాను. మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

అదే యాత్రకి రేడియో ఆపరేటరు కూడా కావాలని తెలిసి బావకి చెప్పినవాణ్ణి నేనే. ఆయన ఎగిరి గంతేశాడు. అమ్మ నెత్తి కొట్టుకోవడం ఆ రోజుతో ఆగింది. "అల్లుడు పక్కనుంటే నాకింక బెంగేటి? ఈ గుంటడు తిన్నాడో లేదో ఆయన సూసుకుంటాడు" అని ఊరంతా చెప్పుకుంది.

నిజంగానే చూసుకున్నాడు. ఓడలో నేను తల ఎత్తలేక వాంతులు చేసుకుంటుంటే, వంటవాణ్ణి బతిమాలి, అప్ప కట్టిచ్చిన చోడిపిండితో, అదే రాగిపిండితో, అంబలి కాచి గ్లాసుతో తాగించాడు. నా మంచం కింద బకెట్టు ఆయనే కడిగాడు. మా అప్ప మొగుడి చేత నా కక్కు కడిగించుకున్నానని నేను సిగ్గుపడితే, "నీ పెళ్ళికి నాకు కొత్త పంచె ఎట్టాలి గదా, బతికుండాలి" అన్నాడు. ఆయన చెడ్డవాడని చెప్పడానికి నా దగ్గర ముందు నుంచీ ఒక్క ముక్క ఉన్నా బాగుండేది. లేదు. నా మంటంతా అక్కడే ఉంది.

స్థావరంలో పద్ధతి ఒకటుంది. రోజూ పొద్దున్న నేను తెర చూసి, ఆ రోజు ఏ పౌనఃపున్యం మీద మాట్లాడాలో చీటీ మీద రాసివ్వాలి. రేడియో గదిలో ఉన్నవాడు కింద సంతకం పెట్టి తీసుకోవాలి. మొదటి రోజు అలాగే చీటీ పట్టుకెళ్ళాను. బావ దాన్ని చూసి, నన్ను చూసి, పక్కనున్నవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగాడు.

"ఏట్రా ఇది? బామ్మర్ది కాయితం ఇచ్చీడం, బావ సంతకం ఎట్టీడం! మనం కోర్టులో ఉన్నావేటి?"

"రూలు కదా బావా."

"రూలు మనకేట్రా? నోరు లేదా నీకు? నోటితో సెప్పు, నానింటాను."

నాకూ సిగ్గేసింది. మా వైపు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లనిచ్చిన ఇల్లు అల్లుడితో ఏం మాట్లాడినా నోటిమాటే. పొలం కౌలుకి ఇచ్చినా, బండి వాడుకోమన్నా నోటిమాటే. కాగితం అడిగామంటే నమ్మలేదని అర్థం. నమ్మనివాడికి పిల్లనెందుకిచ్చావయ్యా అని నలుగురూ అడుగుతారు. కాబట్టి ఆ రోజు నుంచి చీటీ మానేశాను. పొద్దున్నే రెండు టీలు పట్టుకుని రేడియో గదికి వెళ్ళేవాణ్ణి. "ఇవాళ ఫలానా దగ్గర మాట్లాడుకోండి అల్లుడుగారూ" అనేవాణ్ణి. "సిత్తం" అనేవాడు. ఆ మాటని ఆయనే యాత్రా నాయకుడికి చేరవేసేవాడు. ఎన్ని రోజులు గడిచినా ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు.

వేసవిలో అక్కడ ముఖ్యమైన పని సామాను మొయ్యడం. ఓడ మంచు అంచు దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి స్థావరానికి మంచు మీద నడిచే పెద్ద బండ్లలో డీజిలూ తిండీ తేవాలి. రోజంతా పట్టే దారి. చేతి సెట్లు కంటిచూపు మేరకే పలుకుతాయి. అది దాటితే షార్ట్‌వేవే దిక్కు. తరంగాన్ని నిలువుగా పైకి పంపితే పొరకి తగిలి గొడుగులా చుట్టూ దిగుతుంది, ఆ గొడుగు కింద బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. శాటిలైట్ ఫోను ఉంది గానీ ఇది జరిగిన వారం అది ఓడ దగ్గర సామాను దింపేవాళ్ళ చేతిలో ఉంది. షార్ట్‌వేవ్ పలకని రోజున బండ్లు బయల్దేరకూడదు. తప్పనిసరైతే ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందే ఉండేట్టు నడవాలి. ఇదీ నియమం.

ఆ పొద్దున్న నా తెర మీద గీత లేదు. ముందు యంత్రం చెడిందేమో అనుకున్నాను. తీగలు చూశాను, మళ్ళీ పంపాను. పైకి పంపింది పంపినట్టే పోతోంది, ఒక్కటీ తిరిగి రావడం లేదు. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగి, అక్కడి నుంచి వచ్చిన రేణువులు ధ్రువం మీద విరుచుకుపడ్డప్పుడు ఇలా అవుతుంది. పై పొర ఉన్నా లాభం లేదు, కింది పొర చిక్కబడి తరంగాన్ని దారిలోనే మింగేస్తుంది. పుస్తకాల్లో చదివాను గానీ చూడ్డం అదే మొదలు. భయం వేసింది, అబద్ధమెందుకు, సంబరం కూడా వేసింది.

టీలు తీసుకోలేదు. పరుగెత్తాను. బయట బండ్ల ఇంజిన్లు వేసి ఉన్నాయి. రేడియో గదిలో బావ ఒక్కడే ఉన్నాడు.

"బావా, ఇవాళ షార్ట్‌వేవ్ పలకదు. ఏ పౌనఃపున్యం మీదా పలకదు. రేపటిదాకా ఆశ లేదు. బండ్లు ఆపమను. ఆపకపోతే అందరూ ఒకర్నొకరు సూసుకుంటా ఎల్లమను."

బావ ముఖం కొద్దిగా మారింది. "ఇప్పుడే గదరా లీడరుకి అంతా బాగున్నాదని సెప్పేసినాను" అన్నాడు.

"మళ్ళీ సెప్పు. నన్ను సెప్పమంటావేటి?"

"నువ్వెందుకు? నీ మిసను దగ్గరికి నువ్వెల్లు. నాను సెప్తాను."

ఆయనే చెప్తానన్నాక నేను నాయకుడి దగ్గరికి వెళ్తే అల్లుడి మాట నమ్మనట్టు. పైగా ఆ రోజు కొలత మళ్ళీ దొరకనిది. యంత్రం ఉన్న నా గుడిసెకి వెళ్ళిపోయాను. కిటికీలోంచి బండ్లు కదలడం కనిపించింది. ఒకదాన్నొకటి చూసుకుంటూ వెళ్తాయి కదా అనుకున్నాను.

బావ చెప్పలేదు. బాగుందని చెప్పిన నోటితోనే బాగాలేదని చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఓడ తొందరపెడుతోంది, నాయకుడు చిరాకుగా ఉన్నాడు, మధ్యాహ్నానికి అదే తేరుకుంటుందిలే అనుకున్నాడు. ఇదంతా ఆయనే తరవాత నాతో అన్నాడు.

బండ్లు ఎవరి వేగంతో అవి నడిచాయి. చివరి బండిలో మా మెకానిక్ ఉన్నాడు. కొండల ప్రాంతం వాడు, గొంతెత్తి పాడుకుంటూ పని చేసేవాడు, నన్ను రేడియో భాయ్ అనేవాడు, నాకు రొట్టె గుండ్రంగా వత్తడం నేర్పింది అతనే. సగం దారిలో అతని బండి చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టా ఊడింది. ముందు బండ్లని పిలిచాడు. పిలిచి పిలిచి ఊరుకున్నాడు. ముందున్నవాళ్ళూ అతన్ని పిలిచారు, పలక్కపోతే సెట్టు పాడై ఉంటుంది, వెనకాలే వస్తాడులే అనుకున్నారు. ఈలోగా మంచుగాలి లేచింది. లావు తొడుగులతో బోల్టు పట్టు దొరక్క కుడి చేతి తొడుగు తీసి ఇనుము ముట్టుకున్నాడు. మర్నాడు వెతికి తెచ్చేసరికి ఆ చెయ్యి కర్రముక్కలా ఉంది. ఓడ మీది డాక్టరు వేళ్ళు తీసేశాడు.

అతన్ని ఓడకి పంపాక నాయకుడు భోజనాల గదిలో అందరినీ కూర్చోబెట్టాడు. మామూలుగా అడిగాడు, కేకలు వెయ్యలేదు. "షార్ట్‌వేవ్ పలకదని ఆ రోజు ఎవరికైనా తెలుసా?"

"నాకు తెలుసు సర్. పొద్దున్నే చూశాను" అన్నాను.

"ఎవరికి చెప్పారు?"

నేను బావ వైపు చూశాను. నేను చెప్పాల్సింది లేదు, ఆయనే లేచి చెప్తాడని అంత ధీమాగా చూశాను. ఆయన లేచాడు. లేచి, నా వైపు చూడకుండా, "నాకు చెప్పలేదు సర్. ఎప్పుడూ టీ పట్టుకొచ్చి చెప్పేవాడు. ఆ రోజు రానేలేదు" అన్నాడు.

టీ సంగతి కూడా వాడుకున్నాడు. నిజంగానే ఆ రోజు నేను టీ తీసుకెళ్ళలేదు. వంటగదిలో ఉన్నవాళ్ళు, అవును, ఆ రోజు ఇతను టీ కోసం రాలేదన్నారు. చీటీ ఏదని నాయకుడు అడిగాడు. లేదు. ఇన్నాళ్ళ చీటీలూ ఏవని అడిగాడు. అవీ లేవు.

నేను నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదని తరవాత నన్ను చాలామంది అడిగారు. అల్లుడు నలుగురిలో మాటంటే కాదనడం మా ఇంట్లో నేను చూసి ఎరగను. మా నాన్న బతికుండగా, బావ తప్పు లెక్క చెప్పినా సరేనని తలూపి, ఎవరూ లేనప్పుడు అప్పతో సరి చేయించేవాడు. నేనూ అలాగే, గది బయటికి వచ్చాక సరి చేసుకుంటాడనుకున్నాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది.

బయటికి వచ్చాక రేడియో గది తలుపు వేసి నిలదీశాను.

"ఏటి బావా ఇది?"

ఆయన ఏడ్చాడు. నా చేతులు పట్టుకున్నాడు. "ఇక్కడ సెప్పీనంటే నన్ను ఓడెక్కించేస్తారురా. ఉజ్జోగం ఊడుతాది. ఊరెల్లాక ఎంక్వైరీ ఉంటాది గదా, అక్కడ నానే సెప్తాను. నీ మీద ఒట్టు. ఆడికి కూడా నానే ఫోను సేసి సెప్తాను."

"ఆడికి" అంటే మెకానిక్‌కి.

ఒప్పుకున్నాను. అంబలి తాగించిన చేతులతో నా చేతులు పట్టుకుని అడిగితే కాదనడం నాకు చేతకాలేదు. నాయకుడు నన్ను శీతాకాలం జట్టు నుంచి తీసేశాడు. యంత్రాన్ని వాతావరణం చూసే కుర్రాడికి అప్పగించాను. గీత ఎలా చదవాలో చెప్పబోతే, "యంత్రమే చదువుతుందట కదా" అన్నాడు. మెకానిక్ వెళ్ళిన ఓడలోనే నన్నూ పంపారు. వారాల తరబడి ఒకే ఓడలో ఉన్నాం. అతను నాతో మాట్లాడలేదు. అతని మంచం దగ్గరికి వెళ్ళి నిలబడితే గోడ వైపు తిరిగేవాడు. నాలిక చివరిదాకా వచ్చిన మాటని కక్కలేక మింగలేక, బావే చెప్తానన్నాడు కదా, ఆయన నోటితోనే రావాలి అని ఆపుకున్నాను. బావ మాత్రం చలికాలమంతా అక్కడే ఉన్నాడు. నేను చూడాలనుకున్న చీకటి ఆకాశం ఆయన తల మీద ఉంది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

విజయనగరంలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం ప్రయోగశాలలో చేరాను. పిల్లలకి లోలకం ఊపి చూపించే పని. ఇంట్లో సంగతంతా చెప్పాను. అమ్మ అంతా వింది.

"కడుపు సించుకుంటే కాల్ల మీద పడతాది నాయనా" అంది చివరికి. "పిల్లనిచ్చుకున్నోలం. ఆయన సెప్తానన్నాడు గదా, సెప్తాడు. అందాకా నువ్వు నోరెత్తకు."

బావ తిరిగొచ్చాడు. ఆయన క్షేమంగా రావాలని అప్ప మొక్కుకుందట, అందరం రామతీర్థం వెళ్ళాం. కొండ మెట్ల మీద ఆయన కావాలని వెనకబడి నా పక్కన నడిచాడు. చలికాలంలో యంత్రం చాలా రోజులు పని చెయ్యలేదని, ఎవరికీ బాగుచెయ్యడం రాలేదని చెప్పాడు. చెప్తూ నవ్వాడు కూడా. నేను నవ్వలేదు.

"ఎంక్వైరీ ఎప్పుడు బావా?"

"ఒచ్చే నెల్లో. వీడియోలో అడుగుతారంట. నాకు గురుతున్నాదిరా, సెప్తాను. నువ్వు అస్తమానూ అడగొద్దు, నాకు సిన్నతనంగా ఉన్నాది."

అడగడం మానేశాను. ఎంక్వైరీ వాళ్ళు నన్నూ అడిగారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. బావ కూడా ఇదే చెప్తాడు, ఆయన్ని అడగండి అన్నాను. ఎంత గట్టిగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి ఫోను చేశాడు. మీ బావగారు ముందు చెప్పిందే మళ్ళీ చెప్పారు, మీ మాటకి ఆధారం లేదు, ఇకముందు ఏ యాత్రకీ మీ పేరు పంపలేం అన్నాడు. పాపం, మెత్తగానే చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే రాజాం బస్సెక్కాను. బావ యాత్రకి వెళ్ళినప్పటి నుంచీ అప్ప పిల్లలతో అక్కడే ఇల్లు తీసుకుని ఉంటోంది. బావ ఇంట్లో లేడు. భోగాపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో ఏదో పనుందని పొద్దున్నే వెళ్ళిపోయాడట. తేలు కుట్టిన దొంగకి ఇంట్లో కూర్చోవడం కష్టమే. అప్ప నన్ను చూడగానే పీట వేసింది. ఏ వేళకి వెళ్ళినా మా అప్ప ముందు తిండి పెట్టాకే మాట్లాడనిస్తుంది. పనసపొట్టు ఆవపెట్టి వండింది, నాకిష్టమని తెలుసు. నాలుగు ముద్దలు తిన్నాక మొదలుపెట్టాను.

"అప్పా, బావ ఎంక్వైరీలో ఏటి సెప్పాడో నీకు తెలుసా?"

"తెలుసు" అంది.

"అబద్ధం సెప్పాడు. నాను సెప్పలేదని మళ్ళీ అన్నాడు."

అప్ప గరిటె పక్కన పెట్టింది. "ఆయన నిజం సెప్పేద్దారనే కూకున్నారురా. ముందు రోజు అన్నం తినలేదు. నానే వొద్దన్నాను."

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "నువ్వా?"

"నానే. సెప్తే ఉజ్జోగం ఊడదా? ఆడి సెయ్యి పోయినందుకు కేసెడితే? నాకిద్దరు పిల్లలు. నీకెవులున్నారురా? పెల్లాం లేదు, బిడ్డల్లేరు. కాలేజీలో ఉజ్జోగం దొరికింది. నీకేటి పోయింది?"

నాకేం పోయిందో తను నిజంగానే అడిగింది. వెటకారం లేదు. నేను ఎండలేని ఆకాశం గురించి ఆమెకి ఎన్నోసార్లు చెప్పాను. చోళ్ళు విసురుతూ ఊఁ కొట్టేది. ఆ ఊఁలన్నీ వట్టివే.

"ఆ మెకానిక్ తన సెయ్యి నావల్ల పోయిందని నమ్ముతున్నాడే" అన్నాను.

"ఆడెవుడో పైదేశపోడు. ఆడేటనుకుంటే మనకేటి? ఇంకాస్త కూరెయ్యనా?" అంటూ గరిటె ఎత్తింది.

బావ పిరికివాడు. భయపడి అబద్ధమాడాడు, అది నాకు ఎక్కడో అర్థమైంది. ఇది అలాంటిది కాదు. నన్ను ఎత్తుకుని తిప్పిన మా అప్ప, బాగా ఆలోచించుకుని, బావనీ నన్నూ తూకం వేసుకుని నన్ను కిందకి దించేసింది. దించేసి కూర వడ్డిస్తోంది. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను.

అప్పుడు ఏడ్చింది. "అన్నం ముందు నుంచి లేసిపోతావేట్రా! ఆడపడుసు ఇంట్లో కంచం కాడ నుంచి లేస్తే ఇంటికి అరిస్టంరా! కూకో, నీకు దండమెడతాను, కూకో!" అని నా చొక్కా పట్టుకుంది. చేసినదానికి కాదు ఆ ఏడుపు, నేను లేచినందుకు. మా వైపు పుట్టింటివాడు అలా లేస్తే అంతకన్నా పెద్ద శాపం లేదు. అది తెలిసే లేచాను. చొక్కా విడిపించుకుని బయటికొచ్చాను.

బస్‌స్టాండులో ధాన్యం బస్తాల లారీలు అడ్డంగా నిలబడి ఉన్నాయి, బస్సులు కదలడం లేదు. ఒక పక్కకి వెళ్ళి మెకానిక్‌కి ఫోను చేశాను. ఓడ దిగాక అదే మొదటిసారి. ఎత్తుతాడనుకోలేదు. ఎత్తాడు.

"రేడియో భాయ్!" అన్నాడు. గొంతులో కోపం లేదు. అది విని నాకు ధైర్యం వచ్చింది. మొత్తం చెప్పాను. తెర మీద గీత లేకపోవడం, పరుగెత్తడం, బావ చెప్తాననడం, చెప్పకపోవడం, ఇవాళ అప్ప అన్న మాట. హిందీలో నాకు వచ్చినంత వరకూ చెప్పాను. అతను మధ్యలో అడ్డు రాలేదు.

"మరి ఆ రోజు అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

మా ఇళ్ళల్లో అల్లుడి మాట కాదనరని చెప్పాను. చెప్తుంటే నాకే అది కుంటిసాకులా వినపడింది.

"ఓడలో నా పక్కనే ఉన్నావు కదా, అప్పుడైనా?"

ఆయనే చెప్తానన్నాడని చెప్పాను.

"భాయ్" అన్నాడు మెత్తగా. "మనిషన్నాక మర్చిపోతాడు. నిన్ను నేను ఎప్పుడో క్షమించేశాను. మా ఇంట్లో వాళ్ళు నిన్ను తిడుతుంటే నేనే ఊరుకోమన్నాను. కానీ ఇన్నాళ్ళ తరవాత సొంత అక్క మొగుడి మీదకి తప్పు తోసెయ్యడం బాగాలేదు భాయ్. అలా చెయ్యకు."

"నేను అబద్ధం చెప్పట్లేదు" అన్నాను.

"సరే భాయ్, సరే" అన్నాడు, ఏడ్చే పిల్లాడిని ఊరుకోబెట్టినట్టు. "ఉంటాను మరి. ఎడమ చేత్తో ఫోను ఎక్కువసేపు పట్టుకోలేను."